ఎండుటాకులు లేని కంపోస్ట్ డబ్బా: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మొన్న ఆదివారం మా వీధి చివరింటి ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, కంపోస్ట్‌లో నిమ్మతొక్కలు వేయకూడదటగా! నిన్న నాలుగు వేసేశాను. ఇప్పుడు ఏరి తీసేయాలా?" గొంతులో నిజంగానే టెన్షన్. వెళ్లి డబ్బా మూత తీశాను. తొక్కల సంగతి దేవుడెరుగు, అడుగున నాలుగు వేళ్ల లోతున నల్లనీళ్లు నిలిచి ఉన్నాయి. వాటి మీద కూరగాయల చెక్కు, అరటితొక్కలు, టీపొడి ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. ఎండుటాకు మచ్చుకైనా లేదు.

హైదరాబాద్‌లో మా మిద్దె తోటకు పన్నెండేళ్లు. కంపోస్ట్ నేర్పమని ఇంటికొచ్చేవాళ్లు, మా డబ్బా ఒకసారి చూసిపొండి అని పిలిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏవేవి వేయకూడదో అందరికీ కంఠతా వచ్చు. ఎంత తడికి ఎంత పొడి కలపాలని మాత్రం ఇంతవరకూ ఇద్దరో ముగ్గురో అడిగారు. తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

"కంపోస్ట్ అన్నాక కంపు కొట్టదా?"

పేరులోనే కంపు ఉంది కదా అంటారు మావారు. నిజానికి సరిగ్గా నడిచే డబ్బా మూత తీస్తే తొలకరి పడ్డ మట్టివాసన వస్తుంది. కంపు కొడుతోందంటే లోపల ఊపిరి ఆడట్లేదని అర్థం. కూరగాయల్లో, పండ్లలో 80 నుంచి 90 శాతం నీళ్లే. మెత్తబడగానే ఆ నీళ్లు వదిలి, తొక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని గాలి సందులు మూసుకుపోతాయి. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పెత్తనం తీసుకుంటాయి. కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. ముక్కు అదిరే అమ్మోనియా ఘాటు వస్తే మాత్రం అది ఇంకో రోగం, నత్రజని ఎక్కువై కార్బన్ చాలలేదని. రెండు రోగాలకూ మందు ఒకటే, ఎండుటాకులు.

దీని వెనక లెక్క ఉంది. చెత్తను మాగబెట్టే సూక్ష్మజీవులు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ ఉంటే హాయిగా పనిచేస్తాయి. వంటింటి తడి చెత్తలో ఆ కార్బన్ 15, 20 వంతుల దగ్గరే ఆగిపోతుంది. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా ఉంటుంది, రంపపు పొట్టులో అయితే వందల్లోనే. అందుకని పొట్టు గుప్పెడు చాలు, ఆకులు మాత్రం దండిగా పడాలి. తూకాలు, కాలిక్యులేటర్లు అక్కర్లేదు. గిన్నెడు తడి చెత్త వేస్తే అదే గిన్నెతో రెండు గిన్నెల నలిపిన ఎండుటాకులు వేయండి. ఆకులు దొరకకపోతే కోడిగుడ్ల అట్టలు, పాత పేపర్లు చింపి వేయొచ్చు. తళతళలాడే ప్లాస్టిక్ పూత అట్టలు వద్దు.

తేమ చూడడానికి పిడికిలి చాలు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో తడి కనపడాలి, ధార కారకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద దీనికి తలకిందుల కథ. డబ్బా ఎండిపోయి చీమలు పుట్టపెడతాయి. చీమలు పట్టాయని పసుపూ, చీమల మందూ చల్లేవాళ్లను చూశాను. మగ్గుడు నీళ్లు పోసి కలిపితే అవే వెళ్లిపోతాయి.

"నిమ్మజాతి తొక్కలు, ఉల్లిపొట్టు వేస్తే పాడవుతుంది"

ఈ మాట వానపాములతో చేసే వర్మీకంపోస్ట్ నుంచి వచ్చింది. వానపాములకు పులుపు, ఘాటు గిట్టవు. మామూలు డబ్బాలో సూక్ష్మజీవులకు ఆ పట్టింపు లేదు. బత్తాయి, నిమ్మ తొక్కలు దళసరి కాబట్టి చిన్న ముక్కలుగా తుంచి వేస్తే చాలు. వేపాకు వేస్తే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయని ఇంకొకరు అంటారు. మా డబ్బాలో సగం వేపాకే. మామిడాకు కన్నా వేపాకే త్వరగా మాగుతుంది కూడా.

మిగిలిన అన్నం, పప్పు కొద్దిగా అయితే ఫరవాలేదు, మధ్యలో గుంట చేసి వేసి పైన ఆకులు కప్పండి. ఊరగాయలు, నూనె తేలే కూరలు వద్దు. ఉప్పు మొక్కకు చేటు, నూనె గాలిని ఆపుతుంది. మాంసం, చేప ముళ్లు చివికిపోతాయి కానీ ఎలుకలకు, పిల్లులకు విందు పిలుపు పంపినట్టే. అపార్ట్‌మెంట్‌లో ఆ సాహసం చేయకండి.

"పురుగులు పట్టాయి, మొత్తం పారేయాలి"

ఎక్కువ డబ్బాలు ఆగిపోయేది ఈ భయంతోనే. ముందు ఏ పురుగో చూడాలి. చదునుగా, గీతలు గీతలుగా, బూడిద రంగుకు తిరుగుతూ లుకలుకలాడే పురుగులయితే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. మనం రెండు వారాల్లో చూసే పని రెండు రోజుల్లో చేసేస్తాయి. వీటి పెద్ద ఈగ మన అన్నం మీద వాలే రకం కాదు. అయినా వంటింటి పక్కన అంత సందడి వద్దనుకుంటే ఆకులు ఎక్కువ వేయండి, తడి తగ్గగానే అవీ తగ్గుతాయి. పండ్ల మీద ముసిరే చిన్న దోమల్లాంటి ఈగలకూ అదే విరుగుడు. తడి చెత్త ఎప్పుడూ పైకి కనపడకూడదు.

భయపడాల్సింది ఇంకొకటి ఉంది. మాది కోనసీమ. చిన్నప్పుడు మా నాన్న పెంటకుప్ప తిరగవేసేటప్పుడు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టేవారు. బొటనవేలంత లావున, తెల్లగా, గోధుమరంగు తలతో, ముడుచుకుని పడుకునే పురుగుల్ని ఏరి కోళ్లకు వేయడం మా పని. అవి కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలు. పశువుల ఎరువు కుప్పల్లో పుట్టి పెరుగుతాయి. కొబ్బరి చెట్లున్న ఊళ్లో ఎరువు గుంటను నెలల తరబడి కదపకుండా వదిలేస్తే తోటకు మనమే శత్రువును పెంచినట్టు. నగరంలో కూడా కుండీలో ఇలా ముడుచుకున్న తెల్ల పురుగు కనిపిస్తే తీసేయండి. అందులో ఎండిన సొప్పను తినేవీ ఉంటాయి, పచ్చి వేళ్లను కొరికేవీ ఉంటాయి. ఏది ఏదో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

"వానపాములు వేస్తే కానీ మంచి ఎరువు రాదు"

మొదటి వేసవిలో నేను చేసిన తెలివితక్కువ పని ఇది. కిలో వానపాములు కొని తెచ్చి మేడ మీద తొట్టిలో పెట్టాను. మే నెల రెండో వారానికి ఒక్కటీ లేదు. 35 డిగ్రీలు దాటితేనే వాటికి కష్టం, మా మేడ మీద ఎండ నలభై దాటుతుంది. వర్మీకంపోస్ట్ మంచిదే, నీడ, చల్లదనం, రోజూ చూసుకునే మనిషి ఉంటే. తోటలో తవ్వితే కనపడే వానపాములు ఆ పనికి రావు. అవి మట్టిలో లోతుకు పోయేవి. ఎరువు తయారీకి పెంచేవి ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే లాంటి, చెత్తలోనే బతికే రకాలు. ఇవేవీ లేకుండానే ఆకులూ చెత్తా మాగుతాయి.

"పుల్లమజ్జిగ, బెల్లం, కల్చర్ సీసా లేకపోతే మొదలుకాదు"

మాగబెట్టే సూక్ష్మజీవులు ఆకు మీద, తొక్క మీద, మన చేతి మీద ముందే ఉన్నాయి. తోడు వేయాలనిపిస్తే గుప్పెడు పాత కంపోస్ట్ గానీ, చెట్టు కింది మట్టి గానీ, కాస్త పేడ నీళ్లు గానీ చాలు. పుల్లమజ్జిగ తప్పు కాదు, ఎలాగూ పారబోసేదయితే పోయండి. బెల్లం మాత్రం పిల్లలకు పెట్టండి. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం (ఇప్పుడు జాతీయ సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ కేంద్రం) తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ అనే సూక్ష్మజీవుల సీసా చవక, వాడితే కొంచెం వేగం రావచ్చు. కానీ నీళ్లు నిండిన డబ్బాలో ఏ సీసా కుమ్మరించినా కంపు తగ్గదు. ఆ వీధి చివరి డబ్బాలో అప్పటికే రెండు రకాల పౌడర్లు చల్లి ఉన్నాయి!

"రోజూ కలపాలి" అని ఒకరు, "అసలు కదపకూడదు" అని ఇంకొకరు

ఇద్దరిదీ కొంత నిజమే. ఈ వాదన మన దేశంలో వందేళ్ల నాటిది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ పంట చెత్త, పేడ, మట్టి, బూడిద పొరలు వేసి, మధ్యమధ్యలో తిరగవేస్తూ మూడు నెలల్లో ఎరువు తీసే పద్ధతి చెప్పారు. దాన్నే ఇండోర్ పద్ధతి అంటారు. ఆ తర్వాత 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య అనే శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతిలో గుంట నింపి పైన మట్టి మెత్తితే తిరగవేయడమే లేదు. తయారు కావడానికి ఆరేడు నెలలు పడుతుంది. గాలి ఇస్తే త్వరగా, ఇవ్వకపోతే నెమ్మదిగా, అంతే తేడా. నేను వారానికోసారి కర్రతో కలుపుతాను. నడుం నొప్పి ఉన్న వారం అదీ లేదు. దాని వల్ల ఏ డబ్బా పాడుకాలేదు, రెండు వారాలు ఆలస్యమైంది.

"కంపోస్ట్ వేడికి గింజలు, తెగుళ్లు అన్నీ చచ్చిపోతాయి"

పెద్ద కుప్ప అయితే నిజం. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు పోతాయి. బాల్కనీలో ఇరవై లీటర్ల బకెట్ అంత వేడెక్కదు. నా మాట నమ్మకపోతే మా కుండీలు చూడండి, మందారం కుండీలో టమాటా, గులాబీ కుండీలో బొప్పాయి. ఒక ఏడాది మేం నాటని గుమ్మడితీగ రెండు కాయలు కూడా ఇచ్చింది. అది సరదా. తుంగ గడ్డలు, గరిక వేళ్లు, గింజకట్టిన వయ్యారిభామ అయితే ఏడుపే. వాటిని డబ్బాలోకి రానివ్వకండి. ఎండు తెగులు సోకిన మొక్క, వేళ్ల మీద బుడిపెలు లేచిన వంగ, టమాటా మొక్కలు కూడా చిన్న డబ్బాకు వద్దు. ఆ శిలీంధ్రం, ఆ నులిపురుగులు మట్టితోనే మళ్లీ వస్తాయి. ముడత వైరస్ వచ్చిన మిరపాకు వేసినా భయం లేదు. ఆ వైరస్ బతికున్న మొక్కలోనే నిలుస్తుంది. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ.

చిల్లర సందేహాలు కొన్ని. కోడిగుడ్డు పెంకులు పొడి చేయకుండా వేస్తే ఏడాది తర్వాత అలాగే బయటికొస్తాయి. టమాటా కాయ అడుగున నల్లబడితే కాల్షియం కోసమని పెంకులు గుప్పించేకంటే నీళ్లు ఒక పద్ధతిగా పోయడం చూసుకోండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. కట్టెల బూడిదలో పొటాష్ ఉంది, క్షారమూ ఉంది. నల్లరేగడి మట్టి వాడేవాళ్లకు చిటికెడు కూడా ఎక్కువే. "బయోడిగ్రేడబుల్" అని అచ్చేసిన సంచులను నేను వేయను.

"డబ్బా అడుగున కారే నీళ్లు అమృతం"

ఆకులు చాలక ఊరిన కుళ్లు నీళ్లను, మా దగ్గర కంపోస్ట్ నేర్చుకున్న ఒకావిడ రోజూ తులసికి పోసి, ఎందుకు మాడిపోతోందని అడిగింది. అది జీవామృతం కాదు. ఉప్పు, ఆమ్లాలు ఎంతున్నాయో తెలియని నీళ్లు. నేను తిరిగి ఎండుటాకుల మీదే పోసేస్తాను. మొక్కలకే పోయాలంటే పదింతలు నీళ్లు కలిపి పూలమొక్కలకు పోయండి. ఆకుకూరలకు అసలు వద్దు.

"నల్లగా అయింది, వాడేయొచ్చు"

కుళ్లినది కూడా నల్లగానే ఉంటుంది. పచ్చి కంపోస్ట్ మట్టిలో వేస్తే సూక్ష్మజీవులు తమ పని పూర్తి చేయడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటాయి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. నా పరీక్ష ఇది: పది మెంతులు కంపోస్ట్‌లో, పది మెంతులు మామూలు మట్టిలో వేసి వారం చూడండి. రెండు చోట్లా ఒకేలా మొలిస్తే సరుకు తయారు. లేదా గుప్పెడు తడిపి కవర్లో మూటగట్టి నాలుగు రోజుల తర్వాత విప్పండి. మట్టివాసన వస్తే మాగింది, కంపు వస్తే ఇంకో నెల ఆగాలి. జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలే పుల్లలూ పీచులూ పారేయకండి, అవే తర్వాతి డబ్బాకు తోడు.

"కంపోస్ట్ ఉంటే యూరియా అక్కర్లేదు, ఎంత వేస్తే అంత మంచిది"

ఇది నాకు ఇష్టమైన అపోహ, ఎందుకంటే నేనూ నమ్మాను. యూరియాలో నత్రజని 46 శాతం. ఇంటి కంపోస్ట్‌లో అటూఇటూగా ఒక్క శాతం. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్న నత్రజని కోసం రెండు టన్నుల కంపోస్ట్ మోయాలి, అదీ ఒక్కసారిగా అందదు, నెమ్మదిగా విడుదలవుతుంది. మరి ఎందుకీ శ్రమ అంటే, అది మట్టికి చేసే మేలు కోసం. ఎర్రమట్టి తడిని నిలుపుకుంటుంది, నల్లమట్టి గుల్లబారుతుంది, సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. బాగా కాసే టమాటా, వంగలకు నేను కంపోస్ట్‌తో పాటు వేపపిండి కూడా వేస్తాను.

అలాగని కుండీ నిండా కంపోస్టే నింపితే నాలుగు నెలల్లో అది కుంగి సగం అవుతుంది, వేళ్లు గాలిలో వేలాడతాయి. మా రెండో ఏడాది బెండ మొక్కలన్నీ అలాగే పడిపోయాయి. ఇప్పుడు రెండు పాళ్లు మట్టి, ఒక పాలు కంపోస్ట్, ఒక పాలు కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు). పన్నెండంగుళాల కుండీకి నెలన్నరకోసారి రెండు గుప్పెళ్లు, సాయంత్రం పూట, కాండానికి ఆనకుండా చుట్టూ వేసి, పైమట్టిలో కలిపి, ఆకులు కప్పుతాను. ఎండలో పైన ఊరికే చల్లి వదిలేసిన కంపోస్ట్ రెండు రోజుల్లో పెంకు కడుతుంది.

వీధి చివరింటి ఆవిడ డబ్బాలో నీళ్లు వంచేసి, మా ఇంటి నుంచి బస్తాడు ఆకులు తీసుకెళ్లి పొరలు పొరలుగా కలిపాం. ఐదో రోజుకు వాసన పోయిందని ఫోన్ చేసింది. నిమ్మతొక్కలు అలాగే ఉంచమన్నాను. ఇప్పుడావిడ బాధ ఇంకొకటి: "ఇన్ని ఆకులు ఎక్కడ తేను అక్కా?" సంక్రాంతి దాటాక వీధుల్లో బాదం, రావి, వేప వరుసగా రాల్చడం మొదలుపెడతాయి. ఊడ్చే ఆమెను ముందే కలిసి, తగలబెట్టకుండా మాకివ్వమ్మా అని చెప్పి, నాలుగు ఖాళీ బియ్యం సంచులు ఇచ్చి ఉంచాలి. ఆ నాలుగూ నిండితే కొంతకాలం ఆకుల బెంగ ఉండదు.