పాదరసం ఒలికినప్పుడు: బడిలోనూ ఇంట్లోనూ వినిపించే అపోహలు, వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో రసాయన పరిశ్రమల భద్రతా విభాగంలో పనిచేసే నాలాంటి వారిని, మార్చి 4న మొదలయ్యే జాతీయ భద్రతా వారోత్సవాలప్పుడు బడులకు పిలుస్తుంటారు. మంటల గురించి, గ్యాస్ సిలిండర్ గురించి, కరెంటు గురించి ఉపాధ్యాయులు ముందుగానే అడిగి తెలుసుకుంటారు. పాదరసం గురించి మాత్రం ఏదో ఒకటి జరిగాకే ఫోను వస్తుంది. అప్పటికే గది ఊడ్చేసి, నీళ్లతో కడిగేసి, ఎవరి దారిన వారు వెళ్లిపోయి ఉంటారు. ఎంత ఒలికిందన్నది ముఖ్యమే కానీ, ఒలికిన తర్వాతి పది పదిహేను నిమిషాల్లో అక్కడున్నవారు ఏం చేశారన్నది అంతకంటే ముఖ్యం. కింద రాసిన అపోహలన్నీ ఆ కొద్ది నిమిషాల్లో మన చేత తప్పు పని చేయించేవే.

అపోహ: థర్మామీటర్‌లో ఉండేది చుక్కంత. దానితో ఏమవుతుంది?

జ్వరం చూసే గాజు థర్మామీటర్‌లో సుమారు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా పాదరసం ఉంటుంది. అది నీటికంటే 13.5 రెట్లు బరువైనది కాబట్టి గ్రాము పాదరసం ఒక్కచోట చేరితే కంది గింజంత కూడా కనిపించదు. అయితే ఈ లోహం గది వేడికే నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలి ఆ స్థాయికి చేరడానికి 30 మైక్రోగ్రాములు ఆవిరైతే చాలు. గ్రాములో అది ముప్పై వేల వంతు కంటే తక్కువే.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. 25 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 20 మిల్లీగ్రాముల పాదరసపు ఆవిరిని పట్టుకోగలిగితే, 40 డిగ్రీల వద్ద దానికి మూడు రెట్లు పట్టుకోగలదు. కాబట్టి మే నెలలో మిర్యాలగూడలోనో దేవరకొండలోనో మధ్యాహ్నం పూట రేకుల గదిలో మిగిలిపోయిన పాదరసం, చలికాలంలో మిగిలిన దానికంటే ఎంతో వేగంగా గాలిలో కలుస్తుంది. ఆవిరి గాలికంటే బరువైనది. చిన్నపిల్లలు నేలకు దగ్గరగా ఆడుకుంటారు, తమ బరువుతో పోలిస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. అందుకే ముందు ఆలోచించవలసింది పిల్లల గురించి, గర్భిణుల గురించి.

ఇంత చెప్పినంత మాత్రాన ఒక థర్మామీటర్ పగిలితే ఇల్లు వదిలి పారిపోవాలని కాదు. పద్ధతిగా ఏరివేసి, గదికి గాలి ఆడనిస్తే ఆ ఇంట్లో నిశ్చింతగా ఉండవచ్చు.

అపోహ: మింగితే ప్రాణం పోతుంది, పీలిస్తే ఏమీ కాదు.

నిజం దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పేగుల నుంచి ద్రవ పాదరసం రక్తంలోకి చేరేది నూటికి 0.01 వంతు కంటే తక్కువ. మిగిలినదంతా మలంతో బయటికి పోతుంది. ఆవిరిని పీల్చినప్పుడు మాత్రం నూటికి 80 వంతుల దాకా ఒంట్లో చేరుతుంది. పిల్లవాడు థర్మామీటర్ కొరికాడని తెలియగానే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం, అరటిపండ్లు తినిపించడం చాలా ఇళ్లలో చూస్తాం. వాంతి చేయించకూడదు. అక్కడ అసలు భయం గాజు ముక్కలతోనే కాబట్టి, నోరు పరిశీలించి డాక్టరుకు చూపించండి.

అన్నింటికంటే ప్రమాదం పాదరసాన్ని వేడి చేయడం. ఉంగరానికో పుస్తెలకో పాదరసం అంటితే బంగారం తెల్లబడుతుంది. ఆ తెలుపు పోవడానికి నగను అవుసలి దగ్గరకు తీసుకెళ్లి మంట మీద పెట్టిస్తారు. అంటిన పాదరసమంతా అప్పుడు ఒక్కసారిగా ఆవిరై, ఎదురుగా కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఇలాంటి ఆవిరిని పీల్చినవారికి దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం, ఆయాసం, జ్వరం, నోట్లో లోహపు రుచి కొన్ని గంటల్లోనే మొదలవుతాయి, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మూసిన గదిలో దీనిని చేసిన ఇళ్లలో మరణాలు సంభవించిన సంగతి వైద్య సాహిత్యంలో ఉంది. నగకు పాదరసం అంటిందని అవుసలికి ముందే చెప్పండి, తెలుపు పోవాలని మంట మీద పెట్టించకండి.

అపోహ: వెంటనే ఊడ్చి, ఫినాయిల్ నీళ్లతో కడిగేస్తే సరి.

ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క అలవాటే. చీపురు తగలగానే పాదరసపు బొట్టు వందల చిన్న బొట్లుగా చెదిరిపోతుంది. ఒక గ్రాము బొట్టు అర మిల్లీమీటరు పూసలుగా విడిపోతే, గాలికి తగిలే ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది, ఆవిరి కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆ చీపురుతోనే మర్నాడు వంటగది ఊడుస్తారు. వాక్యూమ్ క్లీనర్ ఇంకా హానికరం. అది పాదరసాన్ని లోపల వేడి చేసి ఆవిరిగా గది అంతటా చిమ్ముతుంది. నీళ్లతో కడిగితే తాండూరు బండల సందుల్లోకి, అక్కడి నుంచి మోరీలోకి పోతుంది. సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో నిలిచిపోయి నెలల తరబడి ఆవిరినిస్తుంది. పేడతో అలికిన మట్టి నేల అయితే పాదరసం మన్నులోకి దిగుతుంది కాబట్టి, పైపొరను గీకి సంచిలోకి ఎత్తడమే దారి.

ఒక థర్మామీటర్ పగిలినప్పుడు చేయవలసిన పని ఇది. పిల్లలను, పెంపుడు జంతువులను బయటికి పంపండి. ఫ్యాను, కూలర్, ఏసీ ఆపండి. ఇంటి లోపలి గదులకు వెళ్లే తలుపు మూసి, బయటికి తెరుచుకునే కిటికీలు తెరవండి. చేతి గాజులు, ఉంగరాలు, గొలుసు తీసి పక్కన పెట్టి, రబ్బరు తొడుగులు వేసుకోండి. గాజు ముక్కలను ముందుగా ఏరి మందపాటి కాగితంలో చుట్టండి. ఆ తర్వాత పాత శుభలేఖను రెండు ముక్కలుగా కత్తిరించి, ఒకదానితో బొట్లను నెమ్మదిగా నెడుతూ రెండోదాని మీదికి చేర్చండి. రెండు బొట్లు దగ్గరైతే వాటంతట అవే కలిసిపోతాయి, కాబట్టి చుట్టూ అంచుల నుంచి మధ్యకు రావాలి తప్ప మధ్య నుంచి బయటికి నెట్టకూడదు. కలిసిన బొట్టును మెడికల్ షాపులో దొరికే సూది లేని సిరంజితో పీల్చి, కొద్దిగా నీళ్లు పోసిన గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వదలండి. అల్యూమినియం గిన్నెలో పోయకండి. పాదరసం ఆ లోహాన్ని తినేస్తుంది.

కంటికి కనిపించినవన్నీ అయ్యాక గదిని చీకటి చేసి, టార్చిలైటును నేలకు ఆనించినట్టు పెట్టి అడ్డంగా వెలుగు వేయండి. నూకలంత పూసలు కూడా బండల సందుల్లో మెరుస్తాయి. వాటిని బ్రౌన్ టేపుతో అద్ది తీయండి, లేదా గడ్డం గీసుకునే నురుగును చిన్న బ్రష్షుకు పట్టించి అంటించి తీయండి. వాడిన కార్డులు, టేపు, తొడుగులు, బ్రష్షు అన్నీ జిప్ సంచిలో వేసి మూసేయండి. ఇదంతా అయ్యాక ఫ్యానును బయటి వైపు తిప్పి పెట్టి, గదిని కనీసం ఒక రోజు గాలికి వదిలేయండి. పాదరసం నేరుగా పడిన దుస్తులు, చాప, పరుపు తీసివేయవలసిందే, వాషింగ్ మెషీన్‌లో వేయరాదు.

అపోహ: గంధకం చల్లితే విషం విరిగిపోతుంది.

దీనిలో సగం నిజం ఉంది. పాదరసం గంధకంతో కలిస్తే ఆవిరి కాని నల్లటి సల్ఫైడ్ ఏర్పడుతుంది. కానీ ఆయుర్వేద వైద్యులు కజ్జలి తయారు చేసేటప్పుడు ఈ రెంటినీ కల్వంలో గంటల తరబడి ఎందుకు నూరుతారో ఆలోచించండి. నేల మీది బొట్టు మీద గంధకం పొడి చల్లితే పైన పలుచని పొర మాత్రమే మారుతుంది, లోపల పాదరసం పాదరసంగానే ఉంటుంది. బొట్లన్నీ ఏరిన తర్వాత, అందని సందుల్లో చల్లి, మర్నాడు ఎత్తివేయడానికి అది ఉపయోగపడుతుంది. ఏరకుండా ముందే చల్లితే బొట్లు పొడి కింద దాగి, పని కష్టమవుతుంది.

అపోహ: వాసన రావడం లేదు, పైగా మాస్కు కట్టుకున్నాం.

పాదరసపు ఆవిరికి రంగు, వాసన లేవు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్-95 ఏవీ దానిని ఆపవు, అవి ధూళి కణాల కోసం చేసినవి. గాలి శుభ్రపడిందో లేదో ఆవిరిని కొలిచే పరికరమే చెప్పగలదు.

అపోహ: బడిలో ఒలికితే పిల్లలను వెంటనే ఇళ్లకు పంపించేయాలి.

గది ఖాళీ చేయించాలి, అది నిజం. కానీ ఇంటికి పంపడం కాదు. పాదరసం ఇళ్లకు చేరేది చెప్పుల అడుగుల్లో, సాక్సుల మడతల్లో, పుస్తకాల సంచి అడుగున. బస్సులో, ఆటోలో, గురుకులమైతే హాస్టల్ పరుపు మీద, ట్రంకు పెట్టెలో అది కొత్త చోటు వెతుక్కుంటుంది. ఒక ప్రయోగశాలలో ముగియవలసిన పని పది ఇళ్ల పనిగా మారుతుంది. అందుకే ఒలికిన చోటుకు దూరంగా ఉన్న తలుపు నుంచి పిల్లలను గాలి వీచే ఆవరణలోకి తీసుకెళ్లి, అక్కడే ఆపాలి. ఒలికిన చోట నిలబడిన పిల్లల చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే విడిపించి, ఒక్కొక్కటి తిప్పి టార్చితో చూడాలి. బొట్లు పడిన దుస్తులు మార్పించాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒక ప్రశ్న: ఎవరైనా కొంచెం తీసుకున్నారా? మెరిసే ఆ బొట్టును అరచేతిలో దొర్లించాలని ఏ పిల్లవాడికి ఉండదు! పెన్ను మూతలో, కంపాస్ బాక్సులో దాచుకుంటారు, స్నేహితులకు పంచుతారు. కోప్పడితే ఎవరూ చెప్పరు, ఆ పాదరసం ఆ రాత్రి దిండు కింద ఉంటుంది. తిట్టబోమని, కొట్టబోమని, తల్లిదండ్రులకు చెప్పబోమని ముందుగా మాట ఇచ్చి అడగాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఎంత ఒలికిందో కూడా చూడాలి. పాత రకం బీపీ యంత్రంలో సుమారు వంద గ్రాములు, బడి ప్రయోగశాలలో గాలి పీడనాన్ని కొలిచే ఫోర్టిన్ భారమితిలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. వీటిలో ఏది పగిలినా ఉపాధ్యాయులు, ఆయాలు శుభ్రం చేయడానికి పూనుకోకూడదు. గది మూసి, తలుపు కింది సందు అడ్డుకట్టి, 112కు, జిల్లా విద్యాశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి.

అపోహ: సీఎఫ్‌ఎల్ బల్బు పగిలినా అంతే ప్రమాదం.

బల్బులో ఉండే పాదరసం సాధారణంగా 5 మిల్లీగ్రాములకు మించదు. కిటికీలు తెరిచి పావుగంట బయట ఉండి, ముక్కలను అట్టతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ సంచిలో మూస్తే చాలు.

అపోహ: డబ్బాలో పెట్టాక చెత్తబండిలో వేయవచ్చు.

చెత్త తగలబెట్టిన చోట పాదరసం గాలిలో కలుస్తుంది. కాలువలో పడితే చెరువు అడుగు బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, అది చేపల ద్వారా మనుషులకు చేరుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన వ్యాధికి కారణం ఆ మిథైల్ మెర్క్యురీయే. ఆ ఊరి పేరుతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది.

ఇంట్లో ఏరిన డబ్బాను పాత సామాను వారికి అమ్మకుండా, పాదరసం అని తేదీతో సహా చీటీ అంటించి, నీడపట్టున పిల్లలకు అందని చోట ఉంచి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి వ్యర్థాల విభాగాన్ని లేదా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడగండి. బడులు తమ బీరువాల్లో పాత పాదరసపు సీసాలు, పరికరాలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసి, అవి పగలకముందే మండలి ద్వారా హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు చేసుకోవాలి. ఆ తర్వాత పిల్లల జ్వరం చూడటానికి డిజిటల్ థర్మామీటర్, ప్రయోగాలకు ఎర్ర ఆల్కహాల్ థర్మామీటర్ సరిపోతాయి.