నేటివ్ అమెరికన్ల తిండి, వాళ్ల నిర్ణయం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలో నేటివ్ తెగల కమ్యూనిటీ తోటల్లో పనిచేస్తుంటాను. "అంటే పేదవాళ్లకు కూరగాయలు పంచుతారా?" అని మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు.

అపోహ: కడుపు నిండితే చాలదా, ఆహార సార్వభౌమత్వం అని అంత పెద్ద మాటెందుకు?

వాస్తవం: తిండి అందడం వేరు, ఏం పండించాలో ఏం తినాలో తేల్చుకునే హక్కు ఉండటం వేరు. ఆ హక్కే ఆహార సార్వభౌమత్వం. 1864లో నవాహో తెగవాళ్లను సొంత నేల నుంచి తరిమి, వందల మైళ్లు నడిపించి, గోధుమపిండి రేషన్ చేతిలో పెట్టింది అమెరికా సైన్యం. ఇప్పుడు సంప్రదాయ వంటగా పేరుపడ్డ ఫ్రైబ్రెడ్ (నూనెలో వేయించే రొట్టె) ఆ సరుకుల్లోంచే పుట్టిందంటారు.

అపోహ: వైల్డ్ రైస్ సరస్సులో దానంతటదే పెరిగే ధాన్యం, దాన్ని కోసుకోవడానికి నైపుణ్యం దేనికి?

వాస్తవం: ఓజిబ్వే తెగవాళ్లు తాము మనోమిన్ అని పిలిచే ఈ వైల్డ్ రైస్‌ను ఎలా కోస్తారో చూస్తే ఈ మాట ఎవరూ అనరు. ఆగస్టు చివర్లో ఇద్దరు పడవెక్కుతారు. ఒకరు పొడవాటి గెడతో పడవ నడుపుతారు. రెండోవాళ్లు ఒక కర్రతో కంకుల్ని పడవలోకి వంచి, ఇంకో కర్రతో మెల్లగా తడతారు. గట్టిగా బాదితే కాడ విరిగిపోతుంది. తడితే పండిన గింజలే రాలతాయి, పచ్చివి కంకికే ఉంటాయి. అందుకే కొన్ని రోజులాగి మళ్లీ అక్కడికే వెళ్లొచ్చు. నీళ్లలో రాలిన గింజలు వచ్చే ఏటికి విత్తనం. ఇంటికి తెచ్చాక ఎండబెట్టి, వేయించి, మెత్తటి తోలు చెప్పులతో తొక్కి పొట్టు వదిలించి, బర్చ్ చెట్టు బెరడు చేటల్లో చెరుగుతారు.

ఈ పంట చాలా సున్నితం. జూన్‌లో ఆకులు నీటిమీద తేలే దశలో నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే మొక్క వేళ్లతో సహా లేచిపోతుంది. నీళ్లలో కలిసే సల్ఫేట్ అనే లవణం కూడా దానికి చేటే. వైల్డ్ రైస్ పెరిగే నీళ్లలో అది లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని మిన్నెసోటా రాష్ట్రంలో 1973 నుంచి నిబంధన ఉంది. తోట పనికంటే ముందు ఆ నీళ్ల గురించి మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకేచోట వేస్తే ఏదీ సరిగా రాదు.

వాస్తవం: మూడూ ఒకేరోజు నాటితే నిజంగానే రాదు. మొక్కజొన్న జానెడు ఎదిగాకే చిక్కుడు పెట్టాలి, లేదంటే తీగ దాన్ని కిందికి లాగేస్తుంది. చిక్కుడు వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, గుమ్మడి ఆకులు తేమను కాపాడతాయి. వండే తీరులోనూ తెలివుంది: మొక్కజొన్నల్ని బూడిద నీళ్లలో ఉడికిస్తే అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్‌వాళ్లు పంటను పట్టుకెళ్లారు గానీ ఈ పద్ధతిని వదిలేశారు. మొక్కజొన్నే ప్రధాన తిండి అయినచోట నియాసిన్ లోపంతో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది.

అపోహ: అమెరికా ప్రభుత్వం తెగలతో చేసుకున్న పాత ఒప్పందాలు ఇప్పుడు చెల్లవు.

వాస్తవం: 1837 ఒప్పందం ప్రకారం మిన్నెసోటాలోని మిల్ లాక్స్ ఓజిబ్వేలకు వేట, చేపలు, సేకరణ హక్కులు ఇంకా ఉన్నాయని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: బయటివాళ్లం విత్తనాలు పట్టుకెళ్లి ఇస్తే అదే సాయం.

వాస్తవం: విత్తనాలు చాలాచోట్ల వాళ్ల దగ్గరే ఉన్నాయి. చెరోకీ నేషన్ అనే తెగ ప్రభుత్వానికి సొంత విత్తన బ్యాంకు ఉంది. 2020లో నార్వేలోని స్వాల్బార్డ్ ప్రపంచ విత్తన నిల్వకూ తన విత్తనాలు పంపింది. మీరు సాయానికి వెళ్తే ముందు ఏం కావాలో అడగండి, కలుపు తీయమంటే కలుపు తీయండి. వాళ్లు సేకరించే చోట్ల ఫోటోలు, లొకేషన్లు మాత్రం దయచేసి ఆన్‌లైన్‌లో పెట్టకండి.