పారాచూట్‌ను తెరిచే పట్టీ

పారాచూట్ అనగానే అందరి చూపూ ఆకాశంలో విచ్చుకున్న రంగురంగుల గొడుగు మీదే ఉంటుంది. దాన్ని వీపు మీది సంచిలోంచి బయటికి లాగేది మాత్రం రెండు, రెండున్నర మీటర్ల బల్లపరుపు పట్టీ. స్కైడైవర్లు దాన్ని బ్రైడిల్ అంటారు. మొత్తం పారాచూట్‌లో ఎంతో ఆలోచించి చేసిన భాగం ఇదేనని నాకనిపిస్తుంది.

దూకిన మనిషి గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పడుతుంటాడు. తగిన ఎత్తుకు రాగానే పైలట్ చూట్ అనే చిన్న గొడుగును చేత్తో పక్కకు విసురుతాడు. దానికి గాలి పట్టగానే బ్రైడిల్ బిగుస్తుంది. పట్టీకి కుట్టిన వంపు పిన్ను, సంచిని మూసి ఉంచిన దారపు ఉచ్చులోంచి జారిపోతుంది. సంచి తెరుచుకోగానే అదే పట్టీ, క్యానపీని, అంటే ఆ పెద్ద గొడుగును, మడిచి పెట్టిన లోపలి బ్యాగును పైకి లాగుతుంది. తాళ్లు పూర్తిగా బిగిశాక క్యానపీ బయటపడుతుంది.

చిన్నది పెద్దదాన్ని లాగే ఈ పద్ధతే మన గగన్‌యాన్‌లోనూ ఉంది. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట వద్ద హెలికాప్టర్ నుంచి నమూనా క్యాప్సూల్‌ను జారవిడిచి ఆ వరుసనే పరీక్షించారు. అందులో మూడు పెద్ద పారాచూట్లను లాగడానికి మూడు పైలట్ చూట్లు ఉంటాయి.

ఇక పట్టీ పొడవు. పడుతున్న మనిషి వీపు వెనక గాలి సుడులు తిరుగుతుంటుంది. లారీ వెనకాలే బైక్ మీద వెళ్తే బండి ఊగిపోతుంది కదా, అలాంటి చోటు. పట్టీ పొట్టిదైతే పైలట్ చూట్ ఆ సుడిలోనే తచ్చాడుతుంది. మరీ పొడవైతే చేతికో కాలికో చుట్టుకునే ప్రమాదం. పైగా వేగం సగమైతే గాలి లాగే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కొండ అంచుల నుంచి, వంతెనల నుంచి దూకి తక్కువ వేగంలోనే పారాచూట్ తెరిచే బేస్ జంపర్లు మీటరుకు పైగా వెడల్పున్న పైలట్ చూట్‌నూ, సుమారు 2.7 మీటర్ల బ్రైడిల్‌నూ వాడతారు.

అసలు చిక్కు దేనితో తయారుచెయ్యాలన్న దగ్గర వస్తుంది. క్యానపీ తెరుచుకున్నాక పైలట్ చూట్‌తో పని లేదు, గాలి నింపుకుని వెనకాల ఈడుస్తుంది. దాన్ని ముడవడానికి, లోపల గొట్టంలా బోలుగా ఉండే బ్రైడిల్‌లో కిల్ లైన్ అనే సన్నని తాడు పెడతారు. దాని ఒక కొస క్యానపీకి, ఇంకో కొస పైలట్ చూట్ నడినెత్తికి. క్యానపీ బ్యాగు వదలగానే పట్టీ ఈ తాడు మీదుగా పైకి జారుతుంది, తాడు నడినెత్తిని కిందికి గుంజుతుంది, చిన్న గొడుగు చప్పబడిపోతుంది.

ఈ తాడుకు చాలామంది స్పెక్ట్రా అనే నార వాడతారు. బరువుతో పోల్చి చూస్తే ఉక్కును మించిన బలం, పైగా నున్నగా జారుతుంది. కానీ అది పాలిథిలీన్, అంటే పాల ప్యాకెట్ కవరుకు చుట్టమే. ఆ కవరును మంట దగ్గర పెడితే ముడుచుకుపోతుంది కదా! స్పెక్ట్రాలో పొడవాటి అణువుల గొలుసులను బలవంతంగా సాగదీసి వరుసగా పేర్చారు. రాపిడికి వేడెక్కితే అవి మళ్లీ ముడుచుకోవాలని చూస్తాయి. సుమారు 150 డిగ్రీల దగ్గర అది కరిగేపోతుంది. నైలాన్ దాదాపు 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది గానీ బాగా సాగుతుంది. కెవ్లార్ అనే మరో గట్టి నార పెద్దగా సాగదు, కరగదు, అయితే మడతల దగ్గర నలుగుతుంది, ఎండకు బలం తగ్గుతుంది.

కాబట్టి జంప్ మీద జంప్ చేసేకొద్దీ స్పెక్ట్రా కిల్ లైన్ కొంచెం కొంచెంగా పొట్టిదవుతుంది. అప్పుడది గాలిలో ఉండగానే పైలట్ చూట్‌ను సగం ముడిచి పట్టుకుంటుంది, లాగుడు తగ్గుతుంది. ఎక్కడా తెగలేదు, చిరగలేదు, చూస్తే అంతా బాగానే ఉంటుంది. నాకు భయం వేసేది అందుకే.

పిన్ను దగ్గర పట్టీకి చిన్న కిటికీ ఉంటుంది. పారాచూట్ మడిచేటప్పుడు, ముడుచుకున్న పైలట్ చూట్‌ను మళ్లీ విచ్చుకునేలా సిద్ధం చేస్తే అందులో కిల్ లైన్ మీది రంగు భాగం కనిపించాలి. తాడు పొట్టిదైనా ఆ రంగు కనిపించవచ్చు, కాబట్టి అది చూసి ఆగకూడదు. పైలట్ చూట్‌ను విప్పి పట్టుకుని లాగి చూడాలి. బరువు పైలట్ చూట్ చుట్టూ ఉన్న జాలీ గుడ్డ మీద పడాలి, మధ్యలోని కిల్ లైన్ బిగుసుకోకూడదు. అదే ముందు బిగిస్తే ఆ తాడునో, బ్రైడిల్‌నో మార్చాల్సిందే.