యూదుల పెళ్లి: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

న్యూజెర్సీలో పెళ్లిళ్ల కోఆర్డినేషన్ చేస్తుంటాను. మొదట్లో అన్నీ మన తెలుగు పెళ్లిళ్లే, తర్వాత మన పిల్లలు యూదుల ఇళ్లకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లడం మొదలయ్యాక ఆ పెళ్లిళ్లు, వాళ్ల మాట మీద అచ్చంగా యూదుల పెళ్లిళ్లు కూడా వచ్చాయి. మనవైపు అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: వాళ్లకి ముహూర్తాల గొడవ లేదు, హాల్ దొరికిన శనివారం పెట్టేసుకోవచ్చు.

నేనూ ఇలాగే అనుకుని దెబ్బతిన్నాను. షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై శనివారం రాత్రి చుక్కలు కనపడేదాకా ఉంటుంది, ఆ టైమ్‌లో సంప్రదాయం పాటించేవాళ్లు పెళ్లి చెయ్యరు, కారెక్కరు, సంతకం కూడా పెట్టరు. జూన్‌లో ఒక శనివారం సాయంత్రం ఆరింటికి పెళ్లి అని షెడ్యూల్ వేశాను, హాల్‌కి అడ్వాన్స్ కట్టించేశాను, తర్వాత రబ్బీ గారు (యూదుల మతగురువు) చూసి, ఇక్కడ జూన్‌లో పొద్దు గుంకేదే ఎనిమిదిన్నరకి, చుక్కలు వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, మా వాళ్లు బయల్దేరి వచ్చి సర్దుకునేసరికి పది అవుతుందమ్మా అన్నారు. హాల్ పదకొండుకి ఖాళీ చెయ్యాలి. అదనపు గంటల డబ్బులు అమ్మాయి వాళ్ల నాన్నగారే కట్టారు, నన్ను ఒక్క మాట అనలేదు, ఆ మంచితనం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పట్నుంచి తేదీ వెయ్యకముందే రబ్బీకి ఫోన్ చేస్తాను.

మనకి మూఢం, శూన్యమాసం ఉన్నట్టే వాళ్లకీ పెళ్లిళ్లు ఆపే రోజులున్నాయి. పాస్కా పండక్కీ షవువోత్ పండక్కీ మధ్య 49 రోజుల్లో చాలాభాగం చెయ్యరు (33వ రోజుకి మాత్రం చాలామంది మినహాయింపు ఇస్తారు, ఏ భాగం ఆపాలన్నది ఒక్కో సమాజానిది ఒక్కో లెక్క). ఇక్కడి ఎండాకాలంలో యెరూషలేము దేవాలయం కూలినందుకు దుఃఖం పాటించే మూడు వారాలుంటాయి, అప్పుడూ చెయ్యరు. ఇంకోటి చూడండి, మనం మంగళవారం అంటే వెనకాడతాం, వాళ్లకి మంగళవారం భేషైన రోజు. సృష్టి కథలో మూడో రోజున (ఆదివారం నుంచి లెక్కిస్తే మంగళవారం) "అది మంచిది" అన్న మాట రెండుసార్లు వస్తుంది కాబట్టి. రోజు మొదలయ్యేది ముందురోజు సూర్యాస్తమయంతో కాబట్టి సోమవారం రాత్రి కూడా వాళ్ల లెక్కలో మంగళవారమే, వీకెండ్ రేట్లు భరించలేనివాళ్లకి ఇది నేను తప్పకుండా చెప్తాను.

అపోహ: ఇంచుమించు చర్చి పెళ్లే కదా.

చర్చీ లేదు, ప్రార్థనా మందిరంలోనే జరగాలన్న నియమమూ లేదు. కావాల్సింది ఖుప్పా, నాలుగు కర్రల మీద ఒక గుడ్డ, నాలుగువైపులా తెరిచి ఉంటుంది, వాళ్ల మూలపురుషుడు అబ్రాహాము డేరాలాగా ఎవరొచ్చినా లోపలికి రావచ్చని చెప్తారు. పెళ్లికూతుర్ని తండ్రి ఒక్కడే తీసుకురావడం కాకుండా ఎక్కువ పెళ్లిళ్లలో ఇద్దరినీ ఇద్దరి తల్లిదండ్రులూ వెంటబెట్టుకుని తెస్తారు. ఆ గుడ్డ తాతగారి ప్రార్థన శాలువా అయితే ఇంకా విలువ. ఆరుబయట పెడితే నాలుగు కర్రలకీ నలుగురు మనుషుల్ని మాత్రం ముందే అనుకోండి, గాలికి అది నిజంగానే ఊగుతుంది.

అపోహ: కెతుబా అంటే గోడకి తగిలించుకునే అందమైన సర్టిఫికెట్.

ఫ్రేమ్ కట్టించేది నిజమే, కానీ లోపల రాసి ఉండేది ఒప్పందం. అరామిక్ భాషలో ఉంటుంది, భర్త భార్యకి తిండి, బట్ట, కాపురం ఇవ్వాలని, విడాకులైనా తను పోయినా ఆమెకి ఇంత సొమ్ము రావాలని, ఆమెకి మొదటి పెళ్లి అయితే పాత లెక్కలో 200 జూజ్‌లు (ఆ కాలపు వెండి నాణేలు) అని రాస్తారు. అంటే డబ్బు బాధ్యతంతా అబ్బాయి మీద, హక్కు అమ్మాయిది, కాగితం కూడా ఆమె దగ్గరే ఉంటుంది. మన ఆడపిల్లల తల్లులకి ఇది చెప్తే ఒక్క నిమిషం మాట్లాడరు.

అసలు కంగారు సాక్షుల దగ్గర వస్తుంది. ఇద్దరు సాక్షులు కావాలి, పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ, ఒకరికొకరికీ బంధువులు కాకూడదు. ఒక పెళ్లిలో ఖుప్పాకి ఇంకో నలభై నిమిషాలుందనగా పక్కగదిలో బల్ల మీద కెతుబా పరిచారు, మూలలు లేవకుండా నాలుగు నీళ్ల గ్లాసులు పెట్టారు, నేను ఆ గ్లాసులు తీసేసి పుస్తకాలు పెట్టిస్తున్నా, ఈలోపు రబ్బీ గారు రెండో సాక్షిని "మీరు వీళ్లకి ఏమవుతారు?" అని మామూలుగా అడిగారు, ఆయన నవ్వుతూ "పిల్ల మేనమామని" అన్నాడు. పెన్ను కింద పెట్టించేశారు. హాల్లోకి పరిగెత్తి అబ్బాయి కాలేజీ ఫ్రెండ్ ఒకర్ని తెచ్చాం. ఆర్థడాక్స్ (పాత సంప్రదాయాన్ని గట్టిగా పాటించే) రబ్బీ అయితే సాక్షులు షబ్బాత్ పాటించే మగవాళ్లే అయ్యుండాలి, ఉదారవాద సమాజాల్లో ఆడవాళ్లూ పెడతారు, కాబట్టి నెల ముందే పేర్లు రాయించుకుని ఆయనకి పంపించండి.

ఈ కాగితంతో పెళ్లి గవర్నమెంట్ దగ్గర రిజిస్టర్ అయిపోతుందనుకోవద్దు, న్యూజెర్సీ మ్యారేజ్ లైసెన్స్ వేరే తీసుకోవాలి, అప్లై చేశాక మామూలుగా 72 గంటలు ఆగాలి.

ఉంగరం గురించి చిన్న మాట. ఖుప్పా కింద పెట్టేది డైమండ్ రింగ్ అయితే బాగుంటుందని మనవాళ్లు అనుకుంటారు, సంప్రదాయంలో రాళ్లు లేని సాదా ఉంగరం వాడతారు, దాని ఖరీదు విషయంలో అమ్మాయి మోసపోకూడదని. అది అబ్బాయి సొంతమై ఉండాలి, అరువు పనికిరాదు, కుడిచేతి చూపుడువేలికి పెడతారు.

అపోహ: పెళ్లిలో గాజు పగలడం అపశకునం.

ఇది మన పెద్దవాళ్ల భయం, నేను తేలిగ్గా తీసుకోను. ఒకసారి అబ్బాయి గ్లాసు తొక్కగానే నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "అయ్యో, శుభమా అని..." అన్నారు, చుట్టూ అందరూ "మజల్ తోవ్" (శుభాకాంక్షలు) అని అరుస్తుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు. పక్కకి తీసుకెళ్లి చెప్పాను. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు, ఎంత సంతోషంలో ఉన్నా ఆ దుఃఖాన్ని మర్చిపోమని చెప్పుకోవడానికి పగలగొడతారు అని. తాల్ముద్ అనే వాళ్ల పాత ధర్మగ్రంథంలో ఒక కథ ఉంది, కొడుకు పెళ్లిలో పండితులు మరీ ఉల్లాసంగా ఉండటం చూసి ఒక తండ్రి 400 జూజ్‌ల ఖరీదైన పాత్ర తెచ్చి వాళ్ల ముందే పగలగొట్టాడట. అంతా విని ఆవిడ, "మా ఇంట్లో కూడా శుభకార్యానికి ముందు పోయినవాళ్లని తలుచుకుంటామమ్మా" అన్నారు. ఎవరు గట్టిగా తొక్కితే వాళ్ల మాట నెగ్గుతుంది అనేవి తర్వాత పుట్టిన సరదాలు. గ్లాసు మాత్రం మందపాటి గుడ్డలో చుట్టి ఇవ్వండి, పలచని నాప్కిన్ అయితే పెంకు బూటులోంచి కూడా దిగుతుంది.

అపోహ: మన వెజిటేరియన్ వంటలు పెడితే కోషర్ అయిపోయినట్టే.

అవ్వదండీ. కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకి సరిపడే తిండి. ఏ గిన్నెలో వండారు, చీజ్ ఎక్కడిది, వైన్ ఎవరు చేశారు, కొత్తిమీర, ఆకుకూరల్లో పురుగు లేకుండా చూశారా, ఇవన్నీ లెక్కే. రబ్బీ వచ్చి ప్రార్థన చేస్తే కోషర్ అవుతుందన్నది కూడా పొరపాటే, వంటింట్లో పర్యవేక్షకుడు నిలబడి చూడాలి. మాంసం వడ్డించే భోజనమైతే పాలు, నెయ్యి, పెరుగు ఏవీ ఉండవు, అంటే మన పెరుగన్నం, గులాబ్‌జామూన్ ఆ పూటకి లేనట్టే. మావాళ్లకి పెరుగు లేకపోతే భోజనం అవ్వదు అంటే, మొత్తం పాల వంటలతో మాంసం లేని కోషర్ మెనూ అడగండి, రెండు కుటుంబాలూ తృప్తిగా తింటారు.

అపోహ: యూదుల పెళ్లంటే అన్నీ ఒకేలా ఉంటాయి.

పెళ్లికూతురు పెళ్లికొడుకు చుట్టూ ఏడుసార్లు తిరగడం తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువ. మొరాకో, యెమెన్ యూదులకి గోరింటాకు వేడుక ఉంటుంది, మన దేశంలోనే మహారాష్ట్ర బెనె ఇజ్రాయెల్ అనే యూదులకీ ఉంటుంది. రెండు మతాల పెళ్లి అయితే ఆర్థడాక్స్ రబ్బీలు, కన్సర్వేటివ్ (మధ్యేమార్గపు) రబ్బీలు చెయ్యరు, ఉదారవాదులైన రిఫార్మ్ వాళ్లలో ఆ రబ్బీ నిర్ణయం, కాబట్టి హాల్ కంటే ముందు రబ్బీని వెతుక్కోండి. వినాయకుడి పూజ ఆ ఖుప్పా కింద పెట్టకండి, విగ్రహం విషయం వాళ్లకి చాలా లోతైనది, వేరే పూట, వేరే చోట పెట్టుకుంటే ఎవరి మనసూ నొప్పి పడదు.

ఆఖరిది, గుసగుసగా అడిగేది. ఖుప్పా అవ్వగానే ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తలుపేస్తారట, అదేంటి అని. దాన్ని యిఖుద్ అంటారు, పది నిమిషాలు, శోభనంతో కలపకండి. చాలామంది జంటలు ఆ రోజు పొద్దుట్నుంచీ ఉపవాసం ఉంటారు, పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి మొదటి ముద్ద తినేది అక్కడే. తలుపు బయట ఇద్దరు సాక్షులు నిలబడతారు. మీ ఫొటోగ్రాఫర్‌కి, మేనత్తలకి ముందే చెప్పండి ఆ తలుపు తట్టొద్దని. నేను మాత్రం అంతకుముందే ఒకసారి లోపలికి వెళ్లి రెండు ప్లేట్లు, నీళ్లు, ఒక కుర్చీ ఎక్కువ పెట్టి వస్తాను, కుర్చీ ఎందుకంటే ఆ బరువైన గౌనుకి ఒకటి సరిపోదు.