ఆరు చీరలు, మూడు జాకెట్లు

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ, చిన్నోడా,

నేను హైస్కూల్లో సోషల్ చెప్పే రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు వారం తెలుసుకోవడానికి క్యాలెండర్ చూసేవాళ్లు కాదు, నా చీర చూసేవాళ్లు. ముదురు నీలం కడితే సోమవారం. ఇటుక రంగు కడితే గురువారం. ఒకసారి వానకి బుధవారం చీర ఆరక శుక్రవారం చీర కట్టుకెళ్లాను. క్లాసులో అడుగు పెట్టానో లేదో, వెనక బెంచీ పిల్ల ఒకతె గాభరాగా లేచి, "టీచర్ గారూ, స్లిప్ టెస్ట్ శుక్రవారం కదండీ!" అంది.

అమ్మడూ, మొన్న నువ్వు వీడియో కాల్లో బీరువా తలుపు తీసి చూపించినప్పటి నుంచీ ఇదే గుర్తొస్తోంది. తలుపు తీయగానే నాలుగు కుర్తీలు జారి కింద పడ్డాయి. ఆ పడ్డవాటి మీద నిలబడే, "ఆఫీసుకి వేసుకోవడానికి ఒక్కటీ లేదు అమ్మమ్మా" అన్నావు. తర్వాత క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అని, అంటే ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి బట్టలతోనే సరిపెట్టుకోవడమట, ఒక లిస్టు పంపావు. ట్రెంచ్ కోటు, బ్లేజరు, ఉన్ని స్వెట్టర్లు రెండు. మే నెలలో విజయవాడ బస్టాండులో ట్రెంచ్ కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషిని ఊహించుకుని నవ్వుకున్నాను.

లిస్టు ఎలా ఉన్నా దాని వెనకున్న ఆలోచన మంచిదే. 1970ల్లో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూసీ ఫో అనే ఆవిడ వల్ల ఈ క్యాప్సూల్ మాట జనంలోకి వచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల కోసం, ఒకదానితో ఒకటి కలిపి వేసుకునేలా ఏడే ఏడు రకాలతో బట్టలు తెచ్చి పెద్ద పేరు తెచ్చుకుంది. వాళ్ల చలికి వాళ్ల లిస్టు సరే. మీరు ఆ లిస్టు వదిలేసి, లెక్క మటుకు తీసుకోండి.

మనం బట్టల్ని జతల్లో లెక్కపెడతాం. పండక్కి రెండు జతలు, హాస్టల్‌కి ఆరు జతలు. షాపువాళ్లూ అలాగే అమ్ముతారు. టాపు, బాటమ్, చున్నీ, మూడూ ఒకే కవర్లో. ఆ చున్నీ ఇంకో టాపు మీదికి నప్పదు, ఆ బాటమ్ ఇంకో టాపు కిందికి పనికిరాదు. పది సెట్లు కొంటే ముప్పై బట్టలు, తిప్పి తిప్పి వేసుకునేది మాత్రం పది రకాలే. టాపు మీద పసుపు మరక పడిందంటే మిగతా రెండూ దాంతోపాటు మూల చేరతాయి. అదే ఏది దేంతోనైనా కలిసేలా అయిదు టాపులు, మూడు బాటమ్‌లు విడివిడిగా తీసుకుని చూడు. ఎనిమిది బట్టలకే పదిహేను రకాలు. రెండు చున్నీలు చేర్చావంటే పది బట్టలకి ముప్పై. అమ్మడూ, నీ బీరువాలో ఉన్న ఇబ్బంది అంతా సెట్లలోనే ఉంది. ముందు వాటిని విడగొట్టు. మంచం మీద టాపులన్నీ ఒక పక్క, బాటమ్‌లన్నీ ఒక పక్క పరిచి, కవర్లో కలిసి వచ్చిన సంగతి మర్చిపోయి, ఏది దేనికి నప్పుతుందో చూడు. కొత్తవి కొనే మాట ఆ తర్వాత.

నా ఆరు చీరలకి మూడే జాకెట్లు. నలుపు, గంధం రంగు, మెరూన్. ఏ చీర తీసినా మూడింట్లో కనీసం రెండు నప్పాల్సిందే. చీర రెండు పూటలు కట్టినా ఫరవాలేదు కానీ జాకెట్టు రోజూ ఉతకాలి కదా, అందుకని ఆ ఏర్పాటు. ఇప్పుడు దీన్ని తెలివి అని చెప్పుకుంటున్నాను కానీ, అప్పట్లో చేతిలో డబ్బుల్లేకే అలా మొదలైంది. స్టాఫ్ రూములో మిగతా టీచర్లు మ్యాచింగ్ సెంటర్‌కి బయల్దేరితే నాకూ మనసు లాగేది.

లాగి లాగి ఒకసారి లొంగిపోయాను కూడా. ఆషాఢం డిస్కౌంట్లో నెమలికంఠం రంగు సిల్కు చీర, సగం ధరకే వచ్చిందని ఎగిరి గంతేసి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే నా మూడు జాకెట్లలో ఒక్కటీ నప్పలేదు. జాకెట్టు గుడ్డ కొన్నాను, దానికి లైనింగ్, కుట్టుకూలి. లంగా రంగు కలవలేదు, అదొకటి. ఫాలు, పీకో. అన్నీ కలిపితే తగ్గించిన సగం ధర ఆవిరైపోయి, పైన ఇంకొంత అయింది. రెండుసార్లు కట్టాను. ఆ జాకెట్టు ఇంకే చీర మీదికీ పోలేదు. అప్పటి నుంచి షాపులో ఏది చేతిలోకి తీసుకున్నా, ఇంట్లో ఉన్నవాటిలో దీని పక్కన నిలబడేవి మూడు చెప్పు అని నన్ను నేనే అడుగుతాను. రెండు దగ్గర ఆగిపోతే అక్కడే పెట్టేస్తాను. సేల్స్ అమ్మాయి మొహం చిన్నబోతుంది, బోణీ బేరం మరి.

రంగుల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. బాటమ్‌లు ముదురు నీలం, గంధం, నలుపు ఉంటే టాపుల్లో మీ సరదా తీర్చుకోవచ్చు. నలుపు ఎండలో ఆరేస్తే తొందరగా వెలుస్తుంది. తిరగేసి ఉతికి నీడలో ఆరేయండి.

గుడ్డ సంగతి మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. నూలు చెమటని పీల్చుకుంటుంది. పాలిస్టర్ దాదాపు పీల్చుకోదు, అందుకే సిటీ బస్సు దిగేసరికి వీపుకి అతుక్కుపోతుంది, సాయంత్రానికి వాసన. రేయాన్ కుర్తీ షాపులో పట్టులా జారుతుంది కానీ, తడిసినప్పుడు ఆ పోగు బలహీనపడుతుంది. గట్టిగా పిండి, దండెం మీద వేలాడేస్తే నాలుగు ఉతుకుల్లో ఆకారం పోతుంది. నూలు పోగుది దీనికి పూర్తిగా ఎదురు గుణం. తడిస్తే బలం పెరుగుతుంది. చాకిరేవులో బండకేసి బాదినా మన తాతల పంచెలు ఏళ్ల తరబడి నిలిచాయంటే ఊరికే కాదు. అలాగని అన్నీ నూలువే కొనమని చెప్పను. నూలుకి ఇస్త్రీ కావాలి. అమ్మడు పొద్దున ఏడున్నరకి ఆఫీసు క్యాబ్ ఎక్కే మనిషి, ఇస్త్రీపెట్టె ముందు నిలబడుతుందని నేను నమ్మను. అయిదు టాపుల్లో రెండు కాటన్ మిక్స్ ఉంటే నష్టం లేదు. మిగతా మూడు మాత్రం మంచి నూలు. మంగళగిరి గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, మధ్యలో డిజైన్ లేకుండా సాదాగా, అంచుకి సన్నని జరీతో. అది దేంతోనైనా కలుస్తుంది. కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానేసి, ఆరేసి ఇవ్వు. ఈ పని మర్చిపోయి మీ అమ్మ కాలేజీ రోజుల్లో కుట్టించుకున్న కుర్తా మొదటి ఉతుకుకే మీ మావయ్యకి సరిపోయేంత అయింది.

ఇంకో పని. షాపులో బట్టని తిరగేసి లోపలి కుట్టు చూడండి. రెడీమేడ్‌లో పక్కకుట్టు దాటి గుడ్డ పావంగుళం కూడా వదలరు చాలాచోట్ల. మా వీధి టైలరు జాకెట్టుకి రెండు పక్కలా అంగుళంన్నర వదిలి, పక్కపక్కనే మూడు వరసల కుట్టు వేసేవాడు. మీ అమ్మ పుట్టాక నల్ల జాకెట్టుకి లోపలి వరస విప్పుకున్నాను. మీ మావయ్య పుట్టాక రెండోది. మూడో వరస మీదే ఆ జాకెట్టు ఆయుష్షు తీరిపోయింది, చంకల్లో చిరిగి. ఒక్క కుట్టు విప్పినచోట మాత్రం చివరిదాకా కొత్త గుడ్డ రంగు అలాగే మెరుస్తూ కనిపించేది. భుజం కుదరని బట్ట మాత్రం ఎంత నచ్చినా తీసుకోవద్దు. నడుము తగ్గించొచ్చు, పొడుగు మడిచి కుట్టొచ్చు. భుజం సరిచేయాలంటే చేతులు మొత్తం విప్పాలి, ఆ పని చెబితే టైలర్లు రేపు రమ్మంటూనే ఉంటారు. కుర్తీకి జేబు పెట్టమని కూడా చెప్పు. అడగకపోతే పెట్టరు.

చిన్నోడా, ఇదంతా అక్కకే అనుకుని పేజీ తిప్పేయకు. నీ లెక్క ఉతుకుని బట్టి ఉంటుంది. ఆదివారం ఒక్కరోజే ఉతుకుతానన్నావు. అంటే వారానికి ఏడు, వైజాగ్ వానల్లో ఆరకపోతే ఆదుకోవడానికి ఇంకో రెండు. తొమ్మిది పైబట్టలు చాలు. అందులో నాలుగు సాదా టీ షర్టులు, వాటి మీద గుండీలు తీసి వేసుకోగల చొక్కాలు మూడు, ల్యాబ్‌కీ ఇంటర్వ్యూకీ కాలర్ ఉన్నవి రెండు. జీన్స్ రెండే. సముద్రపు గాలికి ముసురు తోడైతే జీన్స్ రెండు రోజులైనా ఆరదు, తడి వాసన పట్టేస్తుంది. పల్చటి కాటన్ ప్యాంటు ఒకటి, రెండు ఉంచుకో. బనియన్లు, డ్రాయర్ల దగ్గర మటుకు పొదుపు చూపించకు, డజను కొనుక్కో. సిగ్గుపడక్కర్లేదు, మీ తాతయ్యకీ ఇదే చెప్పేదాన్ని.

పెళ్లిళ్ల పట్టుబట్టలు, అమ్మ పెట్టిన పండగ బట్టలు ఈ లెక్కలోకి తేవద్దు. వాటిని వేరే అరలో పెట్టి పాత నూలు గుడ్డలో చుట్టండి. నాకైతే అవి తక్కువున్నా బెంగ లేదు. అమ్మడికి ఒక్క పోచంపల్లి చున్నీ ఉంటే సాదా మంగళగిరి కుర్తా మీద వేసి ఉగాదికీ వెళ్లొచ్చు, మర్నాడు అదే కుర్తా మీద చున్నీ లేకుండా ఆఫీసుకీ వెళ్లొచ్చు. పోచంపల్లిలో నేయకముందే దారాలకి ముడులు కట్టి రంగులద్దుతారు కనక డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. హడావుడిలో తిరగేసి వేసుకున్నా ఎవరూ కనిపెట్టరు.

అమ్మడూ, సెట్లు విడగొట్టాక జత దొరకనివి ఏమున్నాయో నాకు ఫోటోలు పంపు. వాటిలో సగానికి ఒకే ఒక్క బాటమ్ తక్కువై ఉంటుంది, చూస్తూ ఉండు. ఎంత వెతికినా కుదరనివి, ఇంకా గట్టిగా ఉన్నప్పుడే, సరిపోయేవాళ్లకి ఇచ్చెయ్. బీరువాలో పడి వెలిశాక ఇస్తే తీసుకునేవాళ్లకి చిన్నతనంగా ఉంటుంది.

రేపు మీ మావయ్య హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేత గురువారం చీర పంపుతున్నాను. చాలా ఏళ్లు గంజి పెట్టిన చీర, ఉతికీ ఉతికీ గుడ్డ ఇప్పుడు మెత్తబడింది. రెండు కుర్తాలు వస్తాయి. కొంగు వైపు మూరెడు దూరంలో సైకిల్ చైనులో పడ్డ మరక, పక్కనే చిన్న రఫ్ఫు ఉన్నాయి. కత్తిరించేటప్పుడు ఆ ముక్క జేబు లోపలికి వాడమని టైలర్‌కి చెప్పు.

మీ
అమ్మమ్మ