మినమాటా: కారణం తెలిశాక కూడా తొమ్మిదేళ్లు

పాదరసం వాడకాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 2013లో కుదిరింది, మన దేశం 2018లో ఆమోదించింది. దానికి పెట్టింది మినమాటా పేరు. జపాన్‌లోని క్యూషూ దీవిలో చిన్న ఊరది.

అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేసేది. అందులో పాదరసం వాడేవారు, మురుగునీటిని సముద్రంలోకి వదిలేసేవారు. 1950ల్లో జాలరి పల్లెల్లో ముందుగా పిల్లులకు తేడా చేసింది. చేపలు తిని బతికే ఆ పిల్లులు తూలుతూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోయేవి. తర్వాత మనుషులకు తిమ్మిర్లు, మాట ముద్దగా రావడం, చూపు కుంచించుకుపోవడం మొదలైంది. 1956 మే 1న కంపెనీ ఆసుపత్రి డైరెక్టర్ హజిమె హొసొకావా ఈ అంతుచిక్కని జబ్బు సంగతి ఆరోగ్య అధికారులకు తెలియజేశారు. అంటువ్యాధి అనుకుని జనం రోగుల ఇళ్లను వెలివేశారు.

అంత సముద్రంలో విషం పలచబడిపోదా అనిపిస్తుంది. కానీ ఆ మురుగులోని మిథైల్ పాదరసం (పాదరసం నుంచి ఏర్పడే విష పదార్థం) ఒంట్లో చేరితే ఓ పట్టాన బయటికి పోదు. చిన్న చేపల్లో కొద్దిగా ఉన్నది, వాటిని తిన్న పెద్ద చేపలో ఎన్నో రెట్లవుతుంది. ఆ చేప తిన్న గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. తల్లి బాగానే కనిపించినా, బిడ్డ మెదడు దెబ్బతిని పుట్టిన ఇళ్లున్నాయి అక్కడ.

1959 జులైలో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే (మిథైల్ పాదరసం ఆ కోవలోదే) కారణమన్నారు. అదే జులైలో హొసొకావా ఫ్యాక్టరీ మురుగునీటిని పిల్లి తిండిలో కలిపి పెట్టడం మొదలుపెట్టారు. 400వ నంబరు పిల్లి అది. అక్టోబరులో దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. డిసెంబరులో బాధితుల చేతిలో సానుభూతి సొమ్మంటూ కొంత పెట్టి, రేపు ఫ్యాక్టరీదే తప్పని తేలినా ఇంకేమీ అడగబోమని రాయించుకుంది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువ కలచివేసేది ఈ షరతే. తెలిసి రాయించుకున్న షరతు! అదే నెలలో పెట్టిన శుద్ధి యంత్రం కూడా మిథైల్ పాదరసాన్ని తీసేది కాదు.

1965లో నీగాటా ప్రాంతంలో, మరో కంపెనీ మురుగు కలిసిన అగానో నది ఒడ్డున ఇదే జబ్బు బయటపడింది. చిస్సో 1968 మేలో పాదరసం వాడే ఆ పద్ధతి మానేసింది, అదీ అప్పటికి పాతబడిపోయాక. సెప్టెంబరులో గానీ ప్రభుత్వం ఫ్యాక్టరీయే కారణమని ఒప్పుకోలేదు. 1970లో హొసొకావా ఆసుపత్రి మంచం మీద నుంచే పిల్లి సంగతి సాక్ష్యం చెప్పారు, అదే ఏడాది కన్నుమూశారు. 1973 మార్చిలో కుమమోటో జిల్లా కోర్టు చిస్సోదే నిర్లక్ష్యమని తేల్చి, ఆ 1959 కాగితం చెల్లదని కొట్టేసింది.