దల్లీ రాజహరా కాంట్రాక్టు కూలీలూ, శంకర్ గుహ నియోగీ

1977లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా ఇనుప గనుల్లో ఒక బోనస్ ఒప్పందం కుదిరింది. పర్మినెంట్ కార్మికుడికి 308 రూపాయలు, కాంట్రాక్టు కూలీకి 70. ఇద్దరూ తవ్వేది ఒకటే రాయి, అది చేరేదీ ఒకటే భిలాయి ఉక్కు కర్మాగారం. ఆ కాగితం మీద సంతకాలు పెట్టినవి అప్పటికి అక్కడున్న పెద్ద యూనియన్లే. కూలీలకు కడుపు మండింది. వేలాదిమంది పని ఆపేసి లాల్ మైదాన్‌లో కూర్చున్నారు. మమ్మల్ని నడిపించండి అంటూ ఎమర్జెన్సీలో జైలుపాలై వచ్చిన ఒక మనిషి దగ్గరికి వెళ్లారు.

ఆ మనిషి శంకర్ గుహ నియోగి. 1943లో బెంగాలీ కుటుంబంలో పుట్టాడు, అసలు పేరు ధీరేశ్. భిలాయి కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లలో పనిచేస్తూ కార్మికుల్ని కూడగట్టినందుకు ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఊళ్లు తిరిగాడు, ఛత్తీస్‌గఢీ నేర్చుకున్నాడు, దానీటోలా క్వారీలో రాళ్లు కొట్టాడు. అక్కడ తనతోపాటు కూలికి వచ్చే ఆదివాసీ యువతి ఆశను పెళ్లి చేసుకున్నాడు. కూలీలు ఆయన్ని నమ్మింది ఉపన్యాసాలు విని కాదు, తమలాగే బతికినవాడు గనుక.

అలా పుట్టిందే ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్. అడిగినవి చూస్తే ఎంత చిన్న కోరికలో! వానాకాలానికి ముందు గుడిసె బాగుచేసుకోవడానికి వెదుళ్లకూ కర్రలకూ వంద రూపాయలు, పని లేక ఊరికే కూర్చోబెట్టిన రోజుకు కొంత కూలి. ఆ మాత్రం దానికే జూన్ 2 రాత్రి పోలీసులు వచ్చి నియోగిని పట్టుకుపోయారు. మా నాయకుణ్ణి వదిలితేనే మిమ్మల్ని వదులుతాం అంటూ కొందరు పోలీసుల్ని కార్మికులు చుట్టుముట్టి కదలనివ్వలేదు. ఆ రాత్రీ మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. అందులో అనసూయాబాయి ఉంది, సుదామా అనే పిల్లవాడు ఉన్నాడు. అయినా సమ్మె విరగలేదు, డిమాండ్లు సాధించుకున్నారు.

కూలి పెరిగితే ఆ డబ్బు సారా దుకాణానికి పోతోందని నియోగి గమనించాడు. సంఘం మద్యం మీద యుద్ధం ప్రకటించింది. ఆడవాళ్లు ముందు నిలిచారు. 1981లో ఆయన్ని జాతీయ భద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. ఈలోగా సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. సొంత ఆసుపత్రి కావాలన్న పట్టుదల ఆ చావుతోనే గట్టిపడింది. డ్యూటీ దిగాక కార్మికులే ఇటుకలు మోసి, చందాలు వేసుకుని, 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రిని తెరిచారు. కాల్పుల్లో పోయినవాళ్ల పేరు మీద అది ఈనాటికీ నడుస్తోంది. యూనియన్ అంటే ఎనిమిది గంటల డ్యూటీకి సంబంధించినది కాదు, కార్మికుడి 24 గంటల బతుకూ దాని బాధ్యతే అనేది నియోగి మాట. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

యంత్రాల విషయంలోనూ ఆయన గుడ్డిగా వద్దనలేదు. కొన్ని దశల్లో మిషన్లు, మిగతాచోట మనుషుల చేతులు ఉండేలా సంఘమే ఒక ప్రణాళిక తయారుచేసి యాజమాన్యం ముందు పెట్టింది.

1990లో పోరాటం భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీలకు పాకింది. బతకడానికి సరిపోయే జీతం, పర్మినెంట్ ఉద్యోగం, యూనియన్ పెట్టుకునే హక్కు అడిగినందుకు వేలమందిని పనిలోంచి తీసేశారు. 1991 సెప్టెంబరులో నియోగి ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి మొరపెట్టుకున్నాడు. తన ప్రాణానికి ముప్పుందని ఆయనకు తెలుసు, ఆ సంగతి క్యాసెట్లో రికార్డు చేసి పెట్టాడు కూడా. సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలో నిద్రపోతున్న ఆయన్ని కిటికీలోంచి కాల్చి చంపారు.

1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా నిందితులకు శిక్ష వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చిన పల్టన్ మల్లాకు మాత్రం యావజ్జీవం విధించింది. చంపించినవాళ్లుగా ఆరోపణలు ఎదుర్కొన్నవారికి శిక్ష పడలేదు.

దల్లీ రాజహరా కూలీల్లాగే, 2022 సెప్టెంబరులో మన సింగరేణి బొగ్గుగనుల కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగి అడిగింది కూడా జీతాల గురించే.